పుల్లెల వారి ఇంట డబుల్స్ ఆట

పుల్లెల గాయత్రీ గోపీచంద్ భారత మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్ క్రీడాకారిణి. 2003 మార్చి 4న హైదరాబాద్‌లో పుట్టింది. తండ్రి పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. తల్లి పి.వి.వి. లక్ష్మి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడారు. సింగిల్స్‌లో పేరు తెచ్చుకున్న తండ్రికి కూతురై ఉండీ గాయత్రి డబుల్స్‌ను ఎంచుకుంది. ఆ ఎంపిక ఆమెకే కాదు, మన మహిళల డబుల్స్‌కు కూడా మేలు చేసింది.

ఈ ఇంటి ఆటకు పునాది నగరం నడిబొడ్డున పడింది. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో పుట్టిన గోపీచంద్, అశోక్‌నగర్‌ను ఆనుకుని ఉన్న దోమలగూడలోని ఏ.వి. కళాశాలలో డిగ్రీ చదివారు. నారాయణగూడకు కూతవేటు దూరంలోని లాల్ బహదూర్ స్టేడియంలో కోచ్ ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర ఆట నేర్చుకున్నారు. డబుల్స్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా ఆరిఫ్ శిష్యురాలే. 1994లో డబుల్స్ ఆడుతుండగా గోపీచంద్ మోకాలికి తీవ్ర గాయమైంది. కోలుకుని మళ్లీ కోర్టులో దిగిన ఆయన, 1980 విజేత ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆల్ ఇంగ్లండ్ గెలిచిన రెండో భారతీయుడయ్యారు. ఆ తర్వాత ఇల్లు తాకట్టు పెట్టి మరీ గచ్చిబౌలిలో అకాడమీ కట్టారు. 2008లో మొదలైన ఆ అకాడమీలోనే గాయత్రి పెరిగింది.

తొలినాళ్లలో ఆమె కూడా సింగిల్స్ ఆడేది. 2018 ఆసియా క్రీడల భారత జట్టులో పదిహేనేళ్లకే చోటు దక్కింది. 2019 దక్షిణాసియా క్రీడల్లో సింగిల్స్ రజతం గెలిచింది. తర్వాత కేరళలోని కన్నూరు జిల్లా నుంచి వచ్చిన ట్రీసా జాలీతో జతకట్టి డబుల్స్‌కు మారింది. ట్రీసాకు తొలి గురువు తండ్రే. అలా ఇంట్లోనే ఆట నేర్చిన ఇద్దరమ్మాయిలు ఒక జోడీ అయ్యారు.

సింగిల్స్ వదిలి డబుల్స్‌కు వస్తే కొత్త పాఠాలు నేర్వాలి. సింగిల్స్ కోర్టు వెడల్పు 5.18 మీటర్లయితే డబుల్స్ కోర్టుది 6.1 మీటర్లు. పెరిగింది మీటరు కూడా లేదు, ఆడేవాళ్లు మాత్రం రెట్టింపు. దాంతో షటిల్ నేల తాకడానికి ఖాళీ దొరకదు, ఆట వేగం పెరుగుతుంది. పోరు సర్వ్‌తోనే మొదలవుతుంది. నేల నుంచి 1.15 మీటర్లకు మించిన ఎత్తులో షటిల్‌ను కొట్టి సర్వ్ చేయకూడదు. డబుల్స్‌లో సర్వ్ పడాల్సిన హద్దు వెనక గీతకు 76 సెంటీమీటర్లు ఇవతలే ఉంటుంది. అందువల్ల ఎత్తుగా వెనక్కి కొట్టిన సర్వ్ ప్రత్యర్థికి స్మాష్ అందించినట్టవుతుంది. నెట్‌ను దాదాపు రాసుకుంటూ పోయే పొట్టి సర్వే ఎక్కువగా కనిపించేది అందుకే. ఎదుటి క్రీడాకారిణి రాకెట్ పైకెత్తి, ముందు సర్వీస్ గీతకు దగ్గరగా కాచుకుని ఉంటుంది. షటిల్ కాస్త పైకి లేచినా ముందుకు దూకి కిందికి కొట్టేస్తుంది.

తర్వాతి పాఠం నిలబడే చోటు. దాడిలో ఉన్నప్పుడు ఒకరు వెనక, ఒకరు నెట్ దగ్గర ఉంటారు. షటిల్‌ను పైకి లిఫ్ట్ చేయాల్సి వస్తే వెంటనే విడిపోయి పక్కపక్కన నిలబడతారు. ఒక్క ర్యాలీలోనే ఈ మార్పు ఎన్నోసార్లు జరుగుతుంది. ఇద్దరి మధ్యకు వచ్చిన షటిల్ ఎవరిదన్నదీ ముందే తేలి ఉండాలి. ఇద్దరూ కుడిచేతి వాటమైతే, ఎడమ వైపు ఉన్నవారి ఫోర్‌హ్యాండ్‌కు అందుతుంది కాబట్టి సాధారణంగా వాళ్లే తీసుకుంటారు. మహిళల డబుల్స్‌లో ఒక్క స్మాష్‌తో పాయింటు రావడం అరుదు. ర్యాలీలు సాగుతాయి, ఓపిక ఉన్న జోడీదే పైచేయి అవుతుంది. ఈ జోడీలో వెనక నుంచి బలంగా కొట్టే పని ట్రీసాది. ముందు నిలబడి, ప్రత్యర్థి జవాబును పసిగట్టి, నెట్ దగ్గరే ముగించే పని గాయత్రిది.

ఈ కలయిక బలం 2022 ఆల్ ఇంగ్లండ్‌లో లోకానికి తెలిసింది. రిజర్వ్ జాబితాలో ఉండి ఆఖర్లో అవకాశం దక్కించుకున్న ఈ జోడీ, క్వార్టర్‌ఫైనల్లో రెండో సీడ్ కొరియా జంట లీ సో హీ, షిన్ సియుంగ్ చాన్‌ను ఎదుర్కొంది. తొలి గేమ్ 14-21తో పోయింది. రెండో గేమ్‌లో ఓటమి అంచున మ్యాచ్ పాయింట్లు కాచుకుని 22-20తో నిలిచింది. మూడోది 21-15తో గెలిచి, ఆల్ ఇంగ్లండ్ సెమీస్ చేరిన తొలి భారత మహిళల జోడీ అయింది. మరుసటి ఏడాదీ సెమీస్ చేరి, ఆ గెలుపు గాలివాటం కాదని నిరూపించింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో డబుల్స్ కాంస్యం, మిక్స్‌డ్ టీమ్ రజతం దక్కాయి. 2024 డిసెంబరులో లఖ్‌నవూలో సయ్యద్ మోదీ టోర్నీ టైటిల్ గెలిచి, 2025లో దాన్ని నిలబెట్టుకుంది.

అంతకుముందు 2010 కామన్వెల్త్ స్వర్ణం, 2011 ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యంతో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప ఈ విభాగానికి గుర్తింపు తెచ్చారు. ఆ దారిని గాయత్రి, ట్రీసా ముందుకు తీసుకెళ్లారు. డబుల్స్ విలువ మహిళల జట్టు పోటీల్లో మరింత బాగా తెలుస్తుంది. అక్కడ అయిదు మ్యాచ్‌లలో మూడు సింగిల్స్, రెండు డబుల్స్. 2024 ఫిబ్రవరిలో మలేసియాలో జరిగిన ఆసియా జట్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్లో భారత మహిళలు థాయ్‌లాండ్‌ను 3-2తో ఓడించి తొలిసారి టైటిల్ గెలిచారు. ఆ మూడింటిలో ఒకటి ఈ జోడీ తెచ్చిందే. అది లేకపోతే కప్పు లేదు.

క్రీడాకారుల ఇంట పుట్టడం వల్ల కోర్టు, శిక్షణ, సలహా చేతికందుతాయి, వాటితో పాటు పోలికలూ వెంటపడతాయి. పాయింటు మాత్రం ఎవరికి వారు సంపాదించుకోవలసిందే. అమ్మానాన్నల పేరు పక్కన గాయత్రి పేరు నిలబడిందంటే, అది పక్కనున్న భాగస్వామిని నమ్మి, తన చోటు వదలకుండా ఆడినందుకు దక్కిన ఫలం.