కనపడని అతుకు

మా వైపు వాళ్లకి మాయ కొత్త కాదు. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, అడవి అంచున, గోదావరి ఒడ్డున పర్ణశాల ఉంది. సీతమ్మ బంగారు లేడిని చూసి ముచ్చటపడింది అక్కడేనని మా నమ్మకం. ఆవిడ చీర ఆరేసుకున్న బండలని, పసుపు కుంకుమల రాళ్లని చూపిస్తారు. లేడికీ రావణుడికీ బొమ్మలు కూడా పెట్టారు. రాములవారి దర్శనానికి వచ్చినవాళ్లు చాలామంది అదీ చూసే వెళతారు.

ఆ కథని ఒక్కసారి సినిమా కన్నుతో చూడండి. మారీచుడు ఎంత తెలివైనవాడో! ఏనుగుకి రెక్కలు తగిలించి పంపలేదు. అడవిలో లేడి తిరగటం సహజమే కదా, ఆ లేడి ఒంటికి బంగారు మెరుపు పెట్టాడు, అంతే. తొమ్మిది పాళ్లు నిజం, ఒక్క పాలు మాయ. పైగా చివర్లో రాముడి గొంతుతో ఒక కేక. బొమ్మా చప్పుడూ రెండూ కుదిరాయి, అంతటి సీతమ్మా నమ్మేసింది. నమ్మనివాడు లక్ష్మణుడొక్కడే. ఇది మారీచుడి మాయ అని చూడగానే అనేశాడు. విజువల్ ఎఫెక్ట్స్‌కి మొట్టమొదటి విమర్శకుడు ఆయనేనన్నమాట. ఆయన మాట ఎవరూ వినలేదనుకోండి, విమర్శకుల రాత ఎప్పుడూ అంతే!

ఇప్పుడు మనం ఏ సినిమా చూసొచ్చినా రెండే రెండు ముక్కల్లో తీర్పు చెప్పేస్తాం. "గ్రాఫిక్స్ అదిరాయి", లేకపోతే "గ్రాఫిక్స్ తేలిపోయాయి". ఆ గ్రాఫిక్స్ అనే మాట వెనక అసలు పనికి కంపోజిటింగ్ అని పేరు. ఒకచోట తీసిన మనిషిని, ఇంకోచోట తీసిన కొండని, కంప్యూటర్లో పుట్టిన పులిని తెచ్చి, అంతా ఒక్కచోటే ఒక్క క్షణంలోనే జరిగినట్టు కలపటం. మన భాషలో చెప్పాలంటే అతుకు వెయ్యటం. చిరిగిన పట్టుచీరకి రఫ్ఫు చేయిస్తాం చూడండి, అలాంటిది. పనితనమంతా అతుకు కనపడకపోవటంలోనే ఉంది.

కంప్యూటర్లు లేని రోజుల్లోనూ మనవాళ్లు ఈ అతుకు వేశారు. 1961లో వచ్చిన 'సీతారామ కల్యాణం'లో ఎన్.టి.రామారావుగారి పదితలల రావణుణ్ణి తల్చుకోండి. కెమెరా రవికాంత్ నగాయిచ్‌గారిది. ఆ కాలపు పద్ధతేమిటంటే, ఫిల్ములో కొంత భాగానికి నల్ల ముసుగు వేసి మిగతా భాగంలో బొమ్మ తీసేవారు. తర్వాత ఫిల్ము వెనక్కి చుట్టి, ముసుగు మార్చి మళ్లీ తీసేవారు. మధ్యలో కెమెరా నూలుపోగంత కదిలినా అంతసేపూ పడ్డ శ్రమ గోదాట్లో కలిసినట్టే. ఇక 1957 నాటి 'మాయాబజార్'లో ద్వారకానగరం! గోఖలే, కళాధర్‌గార్ల ఆధ్వర్యంలో, 50 అడుగులకి 60 అడుగుల జాగాలో 300 దాకా బుల్లి ఇళ్లు కట్టి, ఇంటింటికీ దీపాలు పెట్టారట. ఒక పెద్ద బొమ్మల కొలువన్నమాట. మార్కస్ బార్‌ట్లీగారి కెమెరాలో ఆ కొలువే పట్టణమైపోయింది.

పాతవన్నీ బంగారమని నేననను. నలుపు తెలుపుల్లో కొన్ని తప్పులు దాక్కునేవి. రంగులొచ్చాక అతుకులు బయటపడ్డాయి. హీరోగారు కదలని కారులో కూచుని స్టీరింగు అటూ ఇటూ తెగ తిప్పేస్తూ పాట పాడుతుంటే, వెనక తెర మీద రోడ్డు మాత్రం తిన్నగా పోతూ ఉండేది! మనం నవ్వుకుని పాట వినేవాళ్లం.

మరి ఇన్ని పరికరాలు వచ్చిన ఈ రోజుల్లో కూడా అతుకు ఎందుకు కనపడుతుందీ అన్నది నా సందేహం. మా బంధువుల అబ్బాయి ఒకడు హైదరాబాదులో ఈ పనిలోనే ఉన్నాడు. పండక్కి వచ్చినప్పుడు అడిగాను.

"అసలు నీ పనేమిట్రా?"

"జుట్టు కోస్తా పిన్నీ" అన్నాడు.

నవ్వులాటకి కాదు, నిజమే చెప్పాడు. మనిషి వెనక పచ్చగుడ్డ కట్టి ఫొటో తీస్తారు. ఆ పచ్చరంగు తీసెయ్యమంటే కంప్యూటర్ తీసేస్తుంది. అక్కడ కొండో కోటో పెట్టుకోవచ్చు. మనిషి ఒంటిలో పచ్చరంగు తక్కువ, పైగా డిజిటల్ కెమెరాకి పచ్చరంగు బాగా ఆనుతుంది, అందుకని ఆ రంగు. చిలకపచ్చ చీర కట్టుకున్న హీరోయిన్‌ని నిలబెట్టారా, చీర మాయమై తలకాయా చేతులూ గాల్లో తేలతాయి! అంతవరకూ సులువే. చిక్కల్లా ముంగురులతో. గాలికెగిరే ఒక్కో వెంట్రుక అంచున సగం జుట్టు నలుపు, సగం గుడ్డ పచ్చ. గట్టిగా కోస్తే కట్టుడుజుట్టులా ఉంటుంది, వదిలేస్తే తల చుట్టూ పచ్చటి అంచు మిగులుతుంది. గుడ్డ మీంచి పడ్డ వెలుగు బుగ్గల మీద పసరు పూసినట్టుంటుంది, దాన్నీ తుడవాలి.

"ఇంక మన అడవిలో అయితే మరీ కష్టం పిన్నీ. ఆకులన్నీ పచ్చనే కదా, గుడ్డతోపాటు చెట్టూ పోతుంది. అప్పుడు నీలం గుడ్డ కడతారు. ఏ గుడ్డా లేకుండా తీశారనుకో, మనిషి చుట్టూ చేత్తో గీత గియ్యాలి. సెకనుకి 24 బొమ్మలు. అయిదు సెకన్ల ముక్కకి 120 సార్లు."

అంటే మనం ఒక ఆవులింత తీసేలోపు తెర మీంచి వెళ్లిపోయే ముక్కకి, ఒక పిల్లవాడు రోజులకి రోజులు ఒకరి చెవి చుట్టూ గీత గీస్తున్నాడన్నమాట!

పనిముట్ల సంగతీ అడిగాను. 'న్యూక్' అనే సాఫ్ట్‌వేరుకి సాలుకి లక్షల్లో కట్టాలిట, అందుకే పెద్ద కంపెనీలే కొంటాయి. 'బ్లెండర్' లాంటివి కానీ ఖర్చులేకుండా దొరుకుతాయి, పిల్లలు ఇంట్లో కూచుని వాటి మీద నేర్చుకుంటున్నారు. పనిముట్టు ఖరీదుని బట్టి పనితనం రాదు. ఇనప పెనమైనా కొత్తరకం పెనమైనా దోసె తిప్పే చెయ్యి ఒకటుంటుంది కదా.

ఇవన్నీ విన్నాక నాకు తోచిందేమిటంటే, అంచు ఒక్కటీ కుదిరితే చాలదు, వెలుగు కుదరాలి. గోదావరి ఒడ్డున సాయంత్రం నిలబడ్డవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, నీళ్ల మీద ఎండ తిరిగి వచ్చి మనిషి గడ్డం కిందనుంచి మొహం మీద పడుతుంది. స్టూడియోలో నడినెత్తిన దీపాలు పెట్టి తీసిన మొహాన్ని తెచ్చి పాపికొండల ముందు అతికిస్తే, కారణం చెప్పలేకపోయినా మన కన్ను ఒప్పుకోదు. కాలి కింద నీడ లేకపోయినా అంతే, మనిషి నేల మీద నిలబడడు.

రాజమౌళిగారి 'ఈగ' 2012లో వచ్చింది. హైదరాబాదు మకుట సంస్థకి జాతీయ బహుమతి తెచ్చిపెట్టింది. అందులో ఈగ నచ్చటానికి సగం కారణం సుదీప్‌గారని నా అభిప్రాయం. ఎదుట ఏమీ లేని గాలిని చూసి ఆయన ఉలిక్కిపడ్డాడు, నిద్రలేక ఏడ్చాడు. ఆయన నమ్మాడు గనక మనమూ నమ్మాం. మాయలో మనిషి పాలు ఎంతుందో చూడండి.

అదే దర్శకుడి 'ఆర్.ఆర్.ఆర్.' 2022లో వచ్చింది. భీముడు పులికి ఎదురునిలిచిన ఘట్టం నాకెంతో నచ్చింది. పులి కంప్యూటర్లో పుట్టిందే, అయినా దాని బరువు కుర్చీలో కూచున్న నాకు తెలిసింది. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి, అడవి మాత్రం మనది కాదు. ఆ అడవి దృశ్యాలు బల్గేరియాలో తీశారు. టేకేది, ఇప్పేది, తునికి ఏది? అడవి అంచున పుట్టి పెరిగిన కళ్లకి తెలియకుండా ఎలా ఉంటుంది! అబద్ధపు పులి నిజమనిపించింది, నిజం చెట్లు అబద్ధమనిపించాయి. పులిని చేసినవాళ్లు పులి ఎలా నడుస్తుందో, ఎక్కడ బరువు వేస్తుందో గమనించి చేశారు. అడవి దగ్గర ఆ గమనింపు కొరవడింది. మాయకి కావలసింది ముందు తెలిసి ఉండటం, డబ్బు ఆ తర్వాత.

తీరుబడి కూడా కావాలి. రామకథే తీసుకుని వచ్చిన 'ఆదిపురుష్' సంగతి మీకు తెలుసు. 2022 అక్టోబరులో అయోధ్యలో టీజర్ విడుదల చేస్తే, ఇది బొమ్మల సినిమాలా ఉందని దేశమంతా గోల పెట్టింది. సంక్రాంతికి రావలసిన సినిమా 2023 జూన్ 16కి వచ్చింది. అప్పటికీ ఆ మాట పోలేదు. రావణుడి మొహం, కోతుల ఒళ్లు ఎలా ఉండాలన్నది ఆలోచన దగ్గర తేలవలసిన విషయం. అక్కడ తేలనిది అతుకు దగ్గర ఎలా తేలుతుంది?

"జనం మిమ్మల్నే తిడుతున్నారేమిట్రా" అంటే మావాడు ఒకటే అన్నాడు. "వంట కుదరకపోతే గిన్నెలు తోమినవాళ్లని అంటారా పిన్నీ?"

అప్పుడు నాకు మన సంగతి గుర్తొచ్చింది. కూరలో ఉప్పు సరిపోయిన రోజున ఎవరైనా "ఉప్పు సరిపోయింది" అన్నారా? తక్కువైన రోజునే అంటారు. ఇల్లు అద్దంలా ఉన్నన్నాళ్లూ అది దానంతటదే అలా ఉందనుకుంటారు. బాగా చేస్తే కనపడదు, చెడితేనే కనపడుతుంది. ఈ పిల్లల పనీ అదే జాతి.

మెచ్చుకోలుకి కరువైతే సరే, కూటికీ కరువొచ్చిన సందర్భముంది. 'లైఫ్ ఆఫ్ పై'లో పడవలోని పులిని ప్రపంచమంతా మెచ్చుకుంది. దాని మీద ప్రధానంగా పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్ అమెరికా కంపెనీ, దానికి మన హైదరాబాదులోనూ శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కార్ వచ్చింది. అప్పటికి పట్టుమని పదిహేను రోజులు కాలేదు, కంపెనీ దివాలా పిటిషన్ వేసి! బహుమతి అందుకున్నాయన ఆ కష్టం చెప్పబోతుంటే సంగీతం వాయించి మైకు కట్టేశారు.

కనక విమర్శ మానమని నేననను. అతుకు కనపడితే కనపడిందనే అందాం, మనం లక్ష్మణుడి పక్షమే. కానీ అది జుట్టు కోసినవాడి తప్పా, వెలుగు చూసుకోకుండా తీసినవాళ్లదా, నెల పని వారంలో ఇమ్మన్నవాళ్లదా అని ఒక్క క్షణం ఆలోచించి అందాం. సినిమా అయ్యాక తెర మీద చీమల బారులా పేర్లు కదుల్తాయి చూశారూ, మనం చెప్పులు వెతుక్కునే సమయంలో! ఈసారి ఆ రెండు నిమిషాలూ కూచుని చదువుదాం. అందులో ఖమ్మం పిల్లలు, కొత్తగూడెం పిల్లలు కూడా ఉంటారు. ఏమంటారు?