రబ్బరు తీగెకు స్వస్థలమేది?

సుమ్మాదేవి పలాసకు దగ్గరలోని చిన్న రైల్వే స్టేషను. ఆ వైపునుండి మా కళాశాలకు వచ్చు విద్యార్థి ఒకడు తన ఇంటి కంచెమీది తీగెను కోసి, ఆరబెట్టి, హెర్బేరియము కాగితముపై చక్కగా కుట్టి తెచ్చెను. చీటీపై శాస్త్రీయ నామమును తప్పులేకుండ వ్రాసినాడు: క్రిప్టోస్టీజియా గ్రాండిఫ్లోరా. దాని క్రింద "స్వస్థలము" అను గడిలో "సుమ్మాదేవి" అని ఉన్నది. తరగతి అంతయు నవ్వినది, నేనును నవ్వితిని. "మా తాత నాటినుంచీ మా కంచెమీదే ఉంది మేస్టారూ, మరింకెక్కడిదని రాయాలి?" అని అతడు అడుగగానే నవ్వు ఆగినది. చీటీని మరల చూచితిని. మొక్కను ఎక్కడ కోసినారో వ్రాయుటకు అందులో వేరే గడియే లేదు. ఆ చీటీని అచ్చు వేయించినవారము మేమే. కనుక ఈ విమర్శ విద్యార్థిమీద కాదు, చీటీమీద.

మొక్కను ఎరుగనివారికి రెండు మాటలు. ఆకులు ఎదురెదురుగా, నున్నగా, మెరయుచు ఉండును. పూవు గరాటువలె ఉండి, తెలుపు కలిసిన లేత ఊదారంగులో చూడ ముచ్చటగా నుండును. ఎక్కడ త్రుంచినను పాలు కారును. ఆ పాలలో రబ్బరు ఉన్నందుననే రబ్బరు తీగె అను పేరు వచ్చినది. కాయలు కొమ్ములవలె జంటగా వచ్చి, ఎండి పగిలినపుడు జిల్లేడు గింజలవలె పట్టుకుచ్చులు గల గింజలు గాలికి ఎగిరిపోవును. ఆధారము లేనిచోట పొదవలె నిలిచి, కొరడాలవంటి పొడుగైన రెమ్మలను చాచును. చెట్టు దొరికినచో చుట్టుకొని పైకి ప్రాకును. గుండెపై పనిచేయు విషములు ఇందులో ఉన్నవి. పశువులు తిన్నచో ప్రాణాపాయము.

ఇప్పుడు పుస్తకములను చూతము. మన సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు వేయించిన విలియం రాక్స్‌బర్గు 1793లో కలకత్తా వృక్షశాస్త్రోద్యానమునకు వెళ్లెను. ఆ తోటలోని మొక్కల పట్టిక 1814లో "హోర్టస్ బెంగాలెన్సిస్" అను పేర వెలువడినది. అందులో మన తీగె "నీరియం గ్రాండిఫ్లోరం" అను పేరుతో కనిపించును. నీరియం అనగా గన్నేరు. వర్ణన లేదు, పేరు మాత్రమే. 1820లో రాబర్టు బ్రౌన్ దీనిని గన్నేరునుండి విడదీసి, "బొటానికల్ రిజిస్టర్" పత్రికలో ఇప్పటి పేరు పెట్టెను. కేసరములను కప్పి దాచు పొలుసులు పూవులో ఉన్నవి. "దాగిన కప్పు" అను అర్థము గల గ్రీకు మాటలనుండి క్రిప్టోస్టీజియా వచ్చినది. (గన్నేరు కుటుంబమునుండి జిల్లేడు కుటుంబమును వేరుచేసినవాడును బ్రౌనే. ఇటీవలి వర్గీకరణలో ఆ రెండు కుటుంబములు మరల ఒకటైనవి. రాక్స్‌బర్గు ఆత్మ సంతోషించవలసిన విషయమే.)

బ్రౌన్ వర్ణన నేటికిని నిలిచియున్నది. దానిలో నేను తప్పు వెదకుట లేదు. కాని ఒక సంగతి గమనింపవలెను. ఆ పత్రిక ఉద్దేశమే బ్రిటిషు తోటలలో పెంచిన విదేశపు మొక్కలకు రంగుల బొమ్మలు వేయుట. రాక్స్‌బర్గు పట్టికయు తోట పట్టికయే. అనగా ఈ తీగె శాస్త్రములోనికి అడవిగుండా రాలేదు, తోటగుండా వచ్చినది. మా విద్యార్థి కంచెను చూచి వ్రాసినాడు. ఆ పెద్దలు తోటను చూచి వ్రాసినారు. తేడా ఏమనగా, వారి చేతిలోనిది తోట మొక్క అని పుస్తకముల పేర్లే చెప్పుచున్నవి. మా చీటీ ఆ పాటి కూడ చెప్పదు.

దీని నిజమైన స్వస్థలము మడగాస్కరు ద్వీపము. అది ఎట్లు తెలిసినదని విద్యార్థులు అడుగవలెను, ఉపాధ్యాయులు చెప్పవలెను. ఈ ప్రజాతిలో జాతులు రెండే. రెండును సహజముగా పెరుగునది ఆ ద్వీపముననే. 1991లో ఆస్ట్రేలియాలోను, 2001లో ఫ్రాన్సులోను వెలువడిన రెండు సమీక్షలును దీనినే స్థిరపరచినవి. మరియొక సాక్ష్యము దాని రోగము. మరవేలియా క్రిప్టోస్టీజియే అను కుంకుమ తెగులు శిలీంధ్రము ఈ తీగె ఆకులను రాల్చివేయును. దానికోసము శాస్త్రజ్ఞులు వెదకినదియు, కనుగొన్నదియు మడగాస్కరులోనే. మొక్కతోపాటు దాని శత్రువులు కూడ ఉన్నచోటు పుట్టినిల్లు అగుటకు ఎక్కువ అవకాశమున్నది.

తెలివైన పిల్లవాడు ఇంకొక ప్రశ్న వేయవచ్చును: "ఒకప్పుడు భారతదేశము, మడగాస్కరు కలిసియుండెను గదా, అప్పుడే వచ్చియుండకూడదా?" కలిసియుండుట నిజమే. అయితే అవి విడిపోయి సుమారు 9 కోట్ల సంవత్సరములైనది. అంతకాలము సముద్రము అడ్డముండగా రెండు వైపుల ఒకే జాతి మారకుండ నిలుచుట నమ్మదగినది కాదు. ఈ తీగె మన దేశమునకు మనుష్యుల చేతులమీదుగా వచ్చినదే.

ఇంతకును స్వస్థలము తెలిసిన ప్రయోజనమేమి? రెండు దేశముల కథ చెప్పెదను.

1942లో మలయా, జావా రబ్బరు తోటలు జపాను వశము కాగా, అమెరికా ప్రభుత్వము హైతీ దేశములో ఈ తీగెను విస్తారముగా నాటించెను. రైతుల భూములు తీసికొన్నారు. పండ్ల చెట్లు నరికించినారు. రబ్బరు చెట్టుకు మానుమీద ఒక గాటు పెట్టినచో పాలు గిన్నెలోనికి కారును. ఈ తీగెకు రెమ్మ రెమ్మ కొస కోసి పాలు పట్టవలెను. కూలి మిక్కుటము, రబ్బరు స్వల్పము. 1944లో పథకమును విడిచిపెట్టినారు. భూమి పోయిన రైతుకు మిగిలినది తీగె. పాలలో రబ్బరు ఉన్నదను ఒక్క సంగతి తెలియుట చాలదని దీనివలన తేలినది. "ఉపయోగములు" అను శీర్షికతోనే మొక్కను ముగించు మన పాఠములకు ఇది వర్తించును.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండుకు ఇది 19వ శతాబ్దములో అందమునకై వచ్చినది. శత్రువులు లేని చోట ఏరుల ఒడ్డున చెట్లమీదికెక్కి వాటిని ఊపిరాడనీయలేదు. 1995లో పైన చెప్పిన కుంకుమ తెగులును పరీక్షించి అచట వదలినారు. 1999లో ఈ తీగెను జాతీయ ప్రాముఖ్యము గల కలుపు మొక్కల జాబితాలో చేర్చినారు. స్వస్థలము తెలియకున్నచో ఆ తెగులును ఎక్కడ వెదకెడివారు?

ఉద్దానమున అంతటి స్థితి ఉన్నదని నేను చెప్పుట లేదు. పరాయి మొక్కలన్నియు చెడ్డవనియు అనను. పలాసకు పేరు తెచ్చిన జీడిమామిడి బ్రెజిలునుండి వచ్చినదే. అయితే 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఇచటి కొబ్బరి, జీడి తోటలను కూల్చినది. చెట్టు పడినచోట వెలుతురు వచ్చును. వెలుతురు వచ్చినచోట తీగెలు లేచును. అటువంటి చోట ఏ తీగె మనది, ఏది కాదు అను లెక్క విద్యార్థుల చేతనే వ్రాయించవచ్చును. ఇప్పటి మా చీటీలతో వ్రాయించినచో పది సంవత్సరముల తరువాత చూచువానికి అన్నియు సుమ్మాదేవివే అగును.

చీటీపై మూడు గడులు వేయించితిమి: కోసిన చోటు, పెరిగిన తీరు, స్వస్థలము. మొదటిది కంటితో చూచి నింపవలెను. రెండవదానిలో నాటినదా, తనంత మొలచినదా అని ఇంటివారిని అడిగి వ్రాయవలెను. మూడవదానిని పుస్తకము చూచి నింపవలెను. తెలియకున్న ఖాళీగా విడువవలెను. ఖాళీకి మార్కులు తగ్గింపరాదని మా శాఖలో తీర్మానించుకొంటిమి. దీనిపై కొంత వాదము జరిగినది.

ఆ విద్యార్థి తన కాగితమును దిద్దుకొని తెచ్చినప్పుడు నేనొక పని చెప్పితిని. పూవు గొంతులోని పొలుసులను భూతద్దముతో చూడుమంటిని. అవి ఒక్కొక్కటి రెండుగా చీలియున్నచో గ్రాండిఫ్లోరా. చీలక ఒంటిగా ఉన్నచో రెండవ జాతియైన మడగాస్కరియెన్సిస్. దానిని కూడ తోటలలో పెంచుదురు. అతని పూవు అప్పటికే ఎండి అణగిపోయినది. కంచెమీద మరల పూచినప్పుడు తెచ్చెదనన్నాడు.