అతుకుల కోటు, ముగ్గురమ్మలు

అతుకుల బొంత అంటే మనకెంత చిన్నచూపో చూడండి. కథ కుదరకపోతే అతుకుల బొంతలా ఉందంటాం. నిలకడ లేని ప్రభుత్వాన్నీ, పొసగని సంసారాన్నీ అదే మాట అంటాం. నిజానికి చలికాలం రాత్రుళ్ళు మనల్ని కాపాడింది ఆ బొంతే. పాత నేతచీరలు పొరలు పొరలుగా పరిచి, చిరుగు కనబడ్డ చోట ఇంకో చీర ముక్క వేసి, ముతక దారంతో దగ్గర దగ్గరగా అమ్మమ్మలు కుట్టిన బొంతల్లో పడుకోనివాళ్ళు నా ఈడువాళ్ళలో తక్కువే.

అలాంటి అతుకుల బట్ట మీద ఒకావిడ పాట కట్టింది. ఆ పాట పేరే పెట్టి ఒక ఎల్పీ రికార్డు తెచ్చింది. ఆవిడ డాలీ పార్టన్. రికార్డు పేరు ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’. 1971 అక్టోబరులో ఆర్.సి.ఎ. కంపెనీ విడుదల చేసింది. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు. పది పాటలు, అంతా కలిపి అరగంట కూడా ఉండదు. ఈమధ్య వరుసగా నాలుగు రోజులు ఆ రికార్డే విన్నాను. అందరూ మెచ్చుకునే పాట ఒకటైతే, నన్ను ఆలోచనలో పడేసింది మొత్తం రికార్డు.

అమెరికా పల్లెపాటలు మనకెందుకమ్మా అంటారేమో! ఆ ప్రశ్న సికింద్రాబాదు వాళ్ళని మాత్రం అడక్కండి. 1806లో కంటోన్మెంటుగా వెలిసిన ఊరు మాది. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు పెట్టారు. దాంతోపాటు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, వాళ్ళతోపాటు గిటార్లు, కేకులు, కంట్రీ పాటలు వచ్చాయి. నా చిన్నప్పుడు మెట్టుగూడ వైపు క్రిస్మస్ వారంలో ఏ కిటికీ దగ్గర నించున్నా జిమ్ రీవ్స్ గొంతు వినబడేది. డాలీని నేను మొదట విన్నది కూడా అలాంటి కిటికీలోంచే. ఆ ఇంటివాళ్ళు తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. పాట మాత్రం నా దగ్గర ఉండిపోయింది.

కంట్రీ పాటంటే మన పల్లెపదానికి దూరపు చుట్టమే. పొలం, రైలు, తాగుబోతు మొగుడు, చర్చి, అమ్మ... ఇవే దాని సరుకు. మనకీ దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు ఉన్నాయి. వింజమూరి సీత, అనసూయ అక్కచెల్లెళ్ళు అలాంటి పల్లెపాటల్ని ఏరి తెచ్చి రేడియోలోనూ సభల్లోనూ పాడకపోతే పట్నం వాళ్ళకి అవి తెలిసేవే కావు. అయితే ఆ పాటలు కట్టిన ఆడవాళ్ళ పేర్లు మనకి తెలియవు. తిరగలి ఆగిందంటే పేరు కూడా ఆగిపోయేది. డాలీ అలా కాదు. పాట కట్టింది, పాడింది, కింద సంతకం కూడా పెట్టింది. ఈ రికార్డులో పదింట ఏడు ఆవిడవే. మిగతా మూడూ పోర్టర్ వాగనర్‌వి. ఆయన పేరున్న గాయకుడు, ఆయన టీవీ కార్యక్రమంలో ఈవిడ పాడుతుండేది.

మొదటి పాట కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. టెనెసీ కొండల్లో ఒక పేద ఇల్లు. పన్నెండుమంది పిల్లల్లో డాలీ నాలుగోది. చలికాలం వస్తోంది, పిల్లకి కోటు లేదు. ఎవరో ఇచ్చిన గుడ్డ పీలికలన్నీ ముందేసుకుని తల్లి కోటు కుడుతుంది. కుడుతూ బైబిల్లోని యోసేపు కథ చెబుతుంది. యోసేపుకి తండ్రి ప్రేమగా కుట్టించిన రంగురంగుల నిలువుటంగీ కథ అది. పిల్ల ఆ కోటు తొడుక్కుని గర్వంగా బడికి వెళ్తుంది. బళ్ళో పిల్లలందరూ నవ్వుతారు.

ఇక్కడ ఒక సంగతుంది. బైబిల్ కథలో ఆ అంగీ యోసేపుకి మేలు చెయ్యలేదు. అన్నలకి కన్నుకుట్టింది. గుంటలో తోసి, బానిసగా అమ్మేశారు. పాటలోని తల్లి కూతురికి మంచి సగమే చెప్పి, ఈ కోటు నీకు అదృష్టం తేవాలని దీవిస్తుంది. కథలోని రెండో సగం పిల్లకి బళ్ళో ఎదురైంది. పిల్లలకి కథలు చెప్పే తల్లులందరం చేసే పనే ఇది! అయినా ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి పరిగెత్తదు. అక్కడే నిలబడి, అమ్మ చెప్పిన కథ వాళ్ళకి తిరిగి చెబుతుంది. కోటు చలి ఎంత ఆపిందో గానీ, ఆ నవ్వుకి అడ్డం పెట్టడానికి పిల్ల చేతిలో ఉన్నది కథ ఒక్కటే. పాటలు కట్టే మనిషి ఆ పూట బళ్ళోనే పుట్టిందని నాకనిపిస్తుంది.

ఈ పాటని ఆవిడ 1969లో బస్సులో పోతూ రాసింది. చేతికి కాగితం దొరక్కపోతే, వాగనర్‌గారి కోటుని డ్రైక్లీనింగ్‌కి ఇచ్చిన రసీదు వెనక రాసిందట. ఆయన వేసుకునేవి రాళ్ళూ తళుకులూ పొదిగిన సూట్లు. ఆ మెరుపుల కోటు ఉతుకుడు బిల్లు వెనక ఈ పీలికల కోటు! ఏ నవలలోనైనా నేనిలా రాస్తే మరీ కల్పన అని మీరే అనేవారు.

అయితే పాట చివర్లో ఒక మాట దగ్గర నాకు పేచీ ఉంది. తాము పేదవాళ్ళమని ఒప్పుకున్నవాళ్ళే పేదవాళ్ళు అనే అర్థం వస్తుంది అక్కడ. కడుపునిండిన వాళ్ళకి వినడానికి ఎంత హాయైన మాటో! డాలీ పుట్టినప్పుడు డాక్టరు ఫీజు కింద వాళ్ళ నాన్న మొక్కజొన్న పిండి బస్తా ఇచ్చాడు. ఆయనకి చదవడం, రాయడం రాదు. ఆయనేమన్నా పేదరికాన్ని కోరి తెచ్చుకున్నాడా? లేదు. కానీ పాటలో ఆ మాట అంటున్నది క్లాసులో ఒంటరిగా నిలబడ్డ చిన్నపిల్ల. ఆ పూటకి ఆ పిల్లకి అంతకంటే వేరే ఆయుధం లేదు. పెద్దదయ్యాక డాలీ మనసు పెద్దదైతే చాలని ఊరుకోలేదు. చదువురాని తండ్రిని తలుచుకుని, 1995లో తన సొంత జిల్లాలో, పుట్టినప్పట్నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకి నెలకో పుస్తకం ఉచితంగా పంపే పథకం పెట్టింది. అది వేరే దేశాలకి కూడా పాకింది. పాటలో మిగిలిన అప్పుని ఆవిడే తీర్చుకుందన్నమాట.

ఇక రెండో పాట. తల్లిప్రేమకి కళ్ళు చెమర్చి మనం కూచుంటే, హుషారుగా దరువు మొదలవుతుంది. ఊళ్ళు తిరిగే ఒక మనిషిని ఓ అమ్మాయి ప్రేమిస్తుంది. అమ్మకి తెలిస్తే ఒప్పుకోదని దాస్తుంది. చివరికి ఆ పెద్దమనిషి లేచిపోతాడు, అమ్మతో! అవునండీ, మొదటి పాటలో దేవత, రెండో పాటలో ఇది. రెండూ ఒకే కలం నుంచి వచ్చినవే. పాడే పిల్ల శాపనార్థాలు పెట్టదు. నవ్వాలో ఏడవాలో తెలియని గొంతుతో కథ చెప్పేసి ఊరుకుంటుంది.

నాలుగో పాటలో మూడో అమ్మ. ఇది వాగనర్ రాసింది. మొగుడు పెట్టిన హింస భరించలేక ఒకమ్మాయి పుట్టింటికి వస్తుంది. మతి పోయేదే అయితే ఇక్కడ, నీ దగ్గరే పోనీ అమ్మా అని మొర పెట్టుకుంటుంది. పాటంతా కూతురి మాటలే. పుట్టింటికొచ్చిన ఆడపిల్లని మన ఇళ్ళలో మొదట ఏమడుగుతారో మీకు చెప్పక్కర్లేదు. ఎన్నాళ్ళుంటావే అని. తర్వాత సర్దుకుపోవాలమ్మా అని. అందుకే ఈ పాట వింటుంటే నా గుండె బిగబట్టుకుంటుంది. మగవాడు రాసిన కూతురు ఏడుస్తుంది, ఆడది రాసిన కూతురు మోసపోయి కూడా దరువేస్తుంది. ఈ తేడా గమనించదగ్గది. అయినా రెండు గొంతులూ డాలీవే కాబట్టి రెండింటినీ నమ్ముతాం.

అన్ని పాటలూ ఒక్క ఎత్తున ఉన్నాయనను. వాగనర్ రాసిన ‘ది మిస్టరీ ఆఫ్ ది మిస్టరీ’ వేదాంతం పేరుకే పెద్దది. ఆఖరి పాటలో లోకం బాగుపడాలని చెప్పిన హితవు డాలీదే అయినా చప్పగానే ఉంది. ‘మై బ్లూ టియర్స్’ మాత్రం చిన్న నీటిచుక్కలాంటి పాట. మనసు విరిగిన మనిషికి పిట్ట కూతా, ఎండా కూడా ఎందుకు సహించవో రెండు నిమిషాల్లో చెబుతుంది.

2011 సంవత్సరపు జాబితాలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు శాశ్వతంగా భద్రపరచాల్సిన ధ్వనిముద్రణల్లో మొదటి పాటని చేర్చారు. న్యాయమే. కానీ ఆ ఒక్క ముక్కనీ కత్తిరించి అద్దాల పెట్టెలో పెడితే, బొంత సంగతేమిటి? మన కథల్లో అమ్మని మేం రచయిత్రులం కూడా ఒకే తానులోంచి కత్తిరిస్తాం. త్యాగం అనే తాను. సీరియల్లో తల్లి పాత్ర తనకోసం ఒక్క కోరిక కోరుకుంటే చాలు, ఉత్తరాలొచ్చేవి. పీలికలు ఏరుకుని కుట్టే తల్లీ, గడప దాటి వెళ్ళిపోయే తల్లీ, విరిగిపోయి వచ్చిన కూతురు తలుపు తట్టే తల్లీ ఒకే వీధిలో ఉంటారు. ఒక్కోసారి ఒకే ఇంట్లో, ఒకే మనిషిలో కూడా ఉంటారు.

వీలైతే ఓ మధ్యాహ్నం ఈ రికార్డు వినండి. మొదటి పాట కాగానే కళ్ళు తుడుచుకుంటారు, తప్పదు. తుడుచుకోండి గానీ, రెండో పాట మొదలయ్యేలోపు ఆపెయ్యకండి.