ఒడంబడికల్లో మాటలు – మాటల వెనక మనుషులు

ఒక మాటను ఎవరు పుట్టించారు, ఎవరి అవసరం కోసం పుట్టించారు అని ప్రశ్నించుకోకుండా దాన్ని వాడే రచయిత, తనకు తెలియకుండానే ఆ మాటను పుట్టించిన వర్గం పక్షాన నిలబడతాడు. చారిత్రక వస్తువును స్వీకరించే కథకులకూ నవలాకారులకూ ఈ ఎరుక మరీ అవసరం. గల్ఫ్ వలస మీద తెలుగులో కథలు, కవితలు, పాటలు వచ్చాయి. వాటిలో ఏజెంటు ఉంటాడు, అప్పు ఉంటుంది, ఎడారి ఉంటుంది, కఠినుడైన షేకు ఉంటాడు. ఆ షేకును షేకుగా నిలబెట్టిన చరిత్ర మాత్రం, నేను చదివినంతలో, చాలా అరుదుగా కనిపిస్తుంది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయానికి మన హైదరాబాదుతో నేరుగా సంబంధం ఉంది. ఈ వ్యాసం దాన్ని గురించే.

నేను విమర్శకు తీసుకున్నది కావ్యమూ కాదు, నవలా కాదు. బ్రిటిష్ ఇండియా విదేశాంగ శాఖలో పనిచేసిన ఐచిసన్ 1862 నుంచి కలకత్తాలో అచ్చు వేయించిన ఒడంబడికల సంకలనం. నిజాముతో చేసుకున్న సంధులూ, మస్కట్, బహ్రెయిన్, ఏడెన్ పరిసరాల అరబ్బు పాలకులతో చేసుకున్న సంధులూ ఆ సంపుటాల్లో చేరాయి. ఇది యాదృచ్ఛికం కాదు. గల్ఫ్‌లోని బ్రిటిష్ రెసిడెంటు మొదట బొంబాయి ప్రభుత్వం కింద, 1873 నుంచి భారత ప్రభుత్వం కింద పనిచేశాడు. హైదరాబాదు రెసిడెంటు ఏ శాఖకు నివేదికలు పంపేవాడో అతడూ చివరికి ఆ శాఖకే జవాబుదారీ అయ్యాడు. లండన్‌కు దూరంగా, మన దేశంలో కాచి వడపోసిన రాజనీతి సముద్రం దాటి అరేబియా తీరం చేరింది.

1798 సంవత్సరాన్ని చూడండి. సెప్టెంబరు 1న నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు ఆరు నిజాం రాజ్యంలో ఉంటాయి. ఏటా 24,17,100 రూపాయల ఖర్చు నిజాం భరిస్తాడు. ఫ్రెంచివాళ్ళు తీర్చిదిద్దిన సైన్యం రద్దవుతుంది. దాన్ని పెంచి పోషించిన రేమండ్ ఆ మార్చిలోనే చనిపోయాడు. జనం అతన్ని మూసారాం చేసుకుని మూసారాంబాగ్‌లో దాచుకున్నారు. ఇక్కడ సంధి కుదిరిన ఆరు వారాలకు, అక్టోబరు 12న, మస్కట్ పాలకుడు సుల్తాన్ బిన్ అహ్మద్ కంపెనీ ప్రతినిధి మెహదీ అలీఖాన్‌కు ఒక కౌలునామా రాసిచ్చాడు. యుద్ధం సాగినన్నాళ్ళూ ఫ్రెంచివాళ్ళకూ డచ్చివాళ్ళకూ తన రాజ్యంలో నిలువనీడ ఇవ్వనని దాని సారాంశం. హైదరాబాదులోనూ మస్కట్‌లోనూ ఆ ఏడు జరిగింది ఒకే పని: ఫ్రెంచివాణ్ణి వెళ్ళగొట్టడం. రెండు చోట్లా దానికి పెట్టిన పేరు స్నేహం.

ఈ రెండు ఘటనలనూ కలిపే మనిషి కూడా ఉన్నాడు. 1798లో హైదరాబాదు రెసిడెన్సీలో సహాయకుడుగా ఉండి, ఫ్రెంచి పటాలాలను నిరాయుధం చేసే పనిలో పాల్గొన్న జాన్ మాల్కం, పర్షియాకు రాయబారిగా పోతూ 1800 జనవరిలో మస్కట్‌లో దిగి, మరో ఒడంబడిక చేయించాడు. కంపెనీ మనిషి ఒకడు మస్కట్‌లో కాపురముండాలన్న షరతు అందులో ఉంది. అంటే రెసిడెంటు అనే వ్యవస్థకు అక్కడ విత్తనం పడిందన్నమాట. సూర్యచంద్రుల గమనం ఆగేదాకా ఈ మైత్రి చెక్కుచెదరదన్న అర్థం వచ్చే వాక్యమూ అందులో ఉంది. శాసనాలు చదివిన తెలుగు విద్యార్థికి ఇది పరిచయమైన పలుకుబడే. మన రాజులు అగ్రహారాలు దానం చేస్తూ ‘ఆచంద్రార్కం’ అని చెక్కించలేదా? దాతా గ్రహీతా ఎవరో దానశాసనం స్పష్టంగా చెబుతుంది. ఈ కొత్త శాసనాల్లో ఇచ్చేవాడు స్నేహితుడి ముసుగులో పుచ్చుకుంటాడు. శైలి పాతది, ప్రయోజనం కొత్తది.

స్నేహం కింద ఏముందో తెలియాలంటే 1800 అక్టోబరు నాటి హైదరాబాదు సంధి చూడాలి. పటాలాల ఖర్చు కింద నిజాం వదులుకున్న బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు ‘దత్త మండలాలు’ అయ్యాయి. అదే సంధిలో మరో షరతు: షోరాపూర్, గద్వాల జమీందార్లు గాని, నిజాం ప్రజల్లో మరెవరైనా గాని పేష్కషు ఎగ్గొట్టినా తిరగబడినా కంపెనీ పటాలం వచ్చి అణచివేస్తుంది. గద్వాలను మనం విద్వత్కవుల సంస్థానంగా పాఠం చెబుతాం. ఆ పేరు ఒక అంతర్జాతీయ సంధిలో శిస్తు బాకీదారుగా ఎక్కిందని మాత్రం చెప్పం. ‘రక్షణ’ అంటే బయటి శత్రువు నుంచి మాత్రమే కాదనీ, పాలకుణ్ణి అతని ప్రజల నుంచి కూడా కాపాడటమనీ ఈ ఒక్క షరతు తేటతెల్లం చేస్తుంది.

గల్ఫ్ తీరంలో వాడిన మాట ‘సముద్రపు దొంగలు’. 1819 చివర బొంబాయి నుంచి కెయిర్ నాయకత్వంలో వెళ్ళిన నౌకాదళం రాస్ అల్ ఖైమాను పట్టుకుని ఓడలను తగలబెట్టింది. 1820 జనవరి నుంచి ఒక్కొక్క షేకు చేతా సంతకం పెట్టించారు. 1853లో శాశ్వత సముద్ర సంధి వచ్చింది. అప్పటిదాకా దొంగల తీరం అనిపించుకున్నది క్రమంగా ఒప్పంద తీరమైంది. 1892 నాటికి ఆ షేకులు తమ భూమిని బ్రిటిష్ ప్రభుత్వానికి తప్ప మరెవరికీ అమ్మబోమనీ, తాకట్టు పెట్టబోమనీ, మరో రాజ్యంతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపబోమనీ రాసిచ్చారు. దొంగ అన్నవాడే మిత్రుడయ్యాడు. మధ్యలో మారింది అతని శీలం కాదు, సంతకం.

సముద్రపు దొంగతనం ఒక కట్టుకథ అని వాదిస్తూ షార్జా పాలకుడు సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ 1986లో ఒక గ్రంథం ప్రచురించాడు. సామ్రాజ్యవాదుల మాటను నిలదీసిన గ్రంథంగా దానికి విలువ ఉంది. అయితే అది తన పూర్వీకుల పక్షాన ఒక పాలకుడు రాసిన గ్రంథమని కూడా మనం మరవకూడదు. ఒడంబడికల వల్ల పాలకులు పోగొట్టుకున్నది స్వాతంత్ర్యం. పొందింది గద్దె మీద స్థిరత్వం. ఆ లెక్కను ఫిరంగులతో మోగించి చెప్పేవారు. నిజాముకు 21 చప్పుళ్ళు, మస్కట్ సుల్తానుకు 21, ఒప్పంద తీరపు షేకులకు మూడో అయిదో. చప్పుళ్ళ సంఖ్య చూసి మురిసిన పాలకుణ్ణి కేవలం బాధితుడుగా చిత్రించే నవల సగం నిజమే చెబుతుంది.

హైదరాబాదు అరబ్బుల కథ ఈ సగం నిజాన్ని సరిదిద్దుతుంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో జమేదారైన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ ఇక్కడ గడించిన సొమ్ముతో స్వదేశంలో రాజ్యానికి పునాది వేశాడు. అతని ప్రత్యర్థులైన కథీరీ, అవ్లఖీ నాయకులు కూడా ఇక్కడి జమేదార్లే. ఖుఐతీలు 1882లో, 1888లో బ్రిటిష్‌వారితో సంధులు చేసుకుని రక్షిత పాలకులయ్యారు. వారి రాజ్యం 1967 దాకా నిలిచింది. ఆ కాలపు అరబ్బు జమేదార్లు నిజాం సర్కారుకూ జాగీర్దార్లకూ అప్పులిచ్చి, తాలూకాల శిస్తు రాబట్టుకునే హక్కు సంపాదించినవాళ్ళు. కనుక ముకల్లా కోటగోడల్లో మన రైతు చెల్లించిన శిస్తు కూడా కలిసి ఉంది. జమేదారుకూ, బారక్సులో కాపురమున్న మామూలు అరబ్బు సిపాయికీ మధ్య వర్గభేదం ఉంది. ‘బారక్స్’ను బార్కస్‌గా మార్చుకుని ఇక్కడే మట్టిలో కలిసినవాడు ఆ సిపాయి. మన రచనల్లో ఇద్దర్నీ ఒకే అరబ్బుగా చూపడం వస్తువును అర్థం చేసుకోకపోవడమే.

ఇక అసలు విషయం. 1879లో ఒప్పంద తీరపు షేకులు రెసిడెంటు పర్యవేక్షణలో మరొక ఒప్పందం చేసుకున్నారు. అప్పు ఎగవేసి ఒకరి ఇలాకా నుంచి మరొకరి ఇలాకాకు పారిపోయినవాళ్ళను పట్టి అప్పగించాలన్నది దాని సారం. ఆ తీరంలో పారిపోవలసిన అగత్యం ఎక్కువగా ఎవరికి? ముత్యాల వేటలో ముందుగా బయానా తీసుకుని, ఆ అప్పు తీరక ఏటా మళ్ళీ నీళ్ళలో దూకే గజ ఈతగాడికి. 1820 సంధిలోనే బానిసలను ఎత్తుకుపోవడాన్ని దోపిడిగా లెక్కగట్టారు. సముద్రం మీద యుద్ధాలు తగ్గడం వల్ల ఈతగాడి ప్రాణానికి కొంత భద్రత వచ్చిందన్నదీ నిజమే. ఈ మేలును కాదనడం చరిత్ర కాదు. కాని బానిసత్వాన్ని ఖండించిన చేతులే అప్పు సంకెళ్ళకు తాళం వేశాయి. పని విడిచి పోయిన మనిషిని ‘పరారీ’ అనే నేరస్థుడుగా మార్చిన భాష ఆ కాగితాల్లో అప్పటికే సిద్ధంగా ఉంది.

నూరేళ్ళ తర్వాత కరీంనగర్, నిజామాబాదు జిల్లాల నుంచి పోయి యజమాని దగ్గర పని విడిచిన కూలీ మీద పెట్టిన కేసు పేరు కూడా పరారీయే. ఆ కూలీ తనను తాను పరారీ అనుకోలేదు. అరబ్బు వాడుకను తన నాలుక మీద తిప్పుకుని ‘ఖల్లివెల్లి’ అన్నాడు. పోతే పోనీ అన్న ఆ మాటలో భయముంది, తెగింపు ఉంది, యజమాని పట్ల తిరస్కారం ఉంది. రెండూ ఒకే మనిషికి పేర్లు. ఒకటి ఒడంబడిక ఇచ్చింది, ఒకటి శ్రామికుడు ఇచ్చుకున్నాడు. కథకుడు దేన్ని ఎన్నుకుంటాడన్న దానిలోనే అతని దృక్పథం తేలిపోతుంది.

ఇదంతా చరిత్రకారుల పని, సాహిత్యానికి ఎందుకు అని మిత్రులు అడగవచ్చు. నేను పాఠం చెప్పే బడి సైబరాబాదులో ఉంది. సంధి కుదిరిన రెండు వందల ఏళ్ళకు, 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ అద్దాల మేడల దగ్గర కాపలా కాసే తండ్రుల్లో దుబాయి నుంచి తిరిగివచ్చినవాళ్ళున్నారు. లోపల కూర్చునే యువకులు సంతకం పెట్టే కాగితాల్లో ‘భాగస్వామి’, ‘కుటుంబం’ వంటి మాటలున్నాయి. కంపెనీ ఉద్యోగమూ కంపెనీ సంధీ ఒకటేనని నేను అనడం లేదు. జీతం తీసుకునే ఉద్యోగికి కోర్టు ఉంది, రాజీనామా ఉంది. కాని కాగితం మీది తియ్యని మాటకు కింద ఎవరి బాధ్యత ఎంత అని వెతికి చదివే అలవాటు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఆ అలవాటు నేర్పడం సాహిత్య విమర్శ పని.

ప్రజలు ఒడంబడిక మాటలను తిరగరాయగలరని మన చరిత్రలోనే రుజువుంది. ‘దత్త’ అన్న మాటలోని అవమానాన్ని గుర్తించి 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచన మీద ‘రాయలసీమ’ అన్న పేరు స్వీకరించారు. కోఠీలో రెసిడెంటు కట్టించుకున్న భవనం 1949లో ఆడపిల్లల కళాశాలకు నెలవైంది. ఇప్పుడక్కడున్న విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పేరు మారినంత మాత్రాన జీవితాలు మారవు. అయినా ఎవరి పేరుతో పిలవాలన్న పోరాటం జీవితాల పోరాటంలో భాగమే. గల్ఫ్ కథ రాయబోయే యువ రచయితలు ఏజెంటు ఇచ్చిన రసీదుతో పాటు షేకు తాత పెట్టిన సంతకం కూడా చదవాలి. ఆ సంతకం కింద పేరు లేకుండా మిగిలిపోయిన ఈతగాడికి కథలో ఒక పేరు పెట్టాలి.