ఏ గెలది?

ఏప్రిల్లో మా మేనకోడలు కాలిఫోర్నియా నుంచి వచ్చింది. తెచ్చిన ఎర్ర వైను సీసా విప్పుతూ, "ఇది డ్రై, మామయ్యా. టానిన్ కూడా గట్టిగానే ఉంటుంది" అంది. ద్రాక్షలోని తీపినంతా ఈస్టు తినేసి, నాలుక్కి తీపి తగలకపోతే దాన్ని డ్రై అంటారట. టానిన్ ద్రాక్ష తోలులోంచి, గింజల్లోంచి దిగుతుందట. ఒక గుక్క తాగాను. నోరు పిడచగట్టింది. "ఇది వగరే కదమ్మా!" అన్నాను. నేరేడుపండు తిన్న ప్రతి పిల్లాడికీ తెలిసిన రుచి అది. షడ్రుచుల్లో దానికి చోటిచ్చిన భాష మనది.

ఆ మాటతో మా తాత గుర్తొచ్చాడు. ఖమ్మం పక్క పల్లెలో తాళ్లు గీసేవాడు. మోకు, ముస్తాదు, గీత కత్తి మా ఇంటి గోడకు వేలాడేవి. సీసా మీద షిరాజ్, కాబర్నే సావిన్యాన్ అని ద్రాక్ష రకం రాసినట్టే, మా ఇంట్లో లొట్టి దించగానే ముందు చెట్టు పేరు చెప్పేవాళ్లు: పోతుతాటిదా, పండుతాటిదా, ఈతదా? తర్వాత పూట: పొద్దుటిదా, మాపటిదా? ద్రాక్షరసం పులియడానికి రోజులు, వారాలు పడుతుంది. కల్లుకు అంత ఓపిక లేదు. గీసిన చోట బొట్టు రాలిన దగ్గర్నుంచే లొట్టిలోని ఈస్టు పని అందుకుంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పని ఆగి, నీరాగా దిగుతుంది. లేకపోతే పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి ఘాటు పెరుగుతుంది, మర్నాటికి పులుపు తిరుగుతుంది. తాత లొట్టి మూతికి చెవి ఆనించి నురగ చప్పుడు వినేవాడు. విని, ఎవరికి పోయాలో చెప్పేవాడు. బాలింతలున్న ఇంటికి ఒకటి, నాట్ల కూలీలకు ఇంకొకటి.

భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు పోతే మర్యాదంతా జీలుగు చెట్టుదే. కోయలకు, పాపికొండల్లోని కొండరెడ్లకు ఎండాకాలంలో అది కల్లే కాదు, కడుపు నింపే తిండి కూడా. కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వచ్చింది. వాళ్ల బతుకులో ఈ చెట్టుకున్న చోటు అందులో కనిపిస్తుంది. తాడి ఏటేటా గెలలు వేస్తుంది. జీలుగు అలా కాదు. ఏళ్ల తరబడి ఎదిగి, ఒక్కసారి పూతకొస్తుంది. మొదటి గెల తల దగ్గర వేస్తుంది, తర్వాతది దాని కింద, ఆపైన ఇంకా కింద. అట్టడుగు గెల అయిపోయిందంటే చెట్టు చచ్చిపోతుంది.

మేనకోడల్ని అక్కడికి తీసుకెళ్లాను. కణుపుల దగ్గర కొమ్మమొదళ్లు ఉంచిన వెదురు బొంగును చెట్టుకు కట్టి, ఒక పెద్దాయన దాని మీదుగా ఎక్కాడు. దిగి, ఆనపకాయ బుర్రతో మోదుగాకు దొప్పలో పోశాడు. పాలలా తెల్లగా, పైన సన్నని నురగ. ఆమె గ్లాసు తిప్పినట్టు దొప్పను తిప్పి వాసన చూసింది. తాగింది. కాసేపు ఏమీ అనలేదు. సీసా మీద ద్రాక్ష కోసిన ఏడాది రాస్తారని ముందురోజు నాకు చెప్పింది తనే.

"తాతా, ఇది ఎన్నో గెలది?"

ఆయన తలెత్తి చెట్టు కేసి చూశాడు. "మూడోది, బిడ్డా. కింద ఇంకా రెండున్నయ్."