నడకకు ముందు ఒక చుక్క

షుగర్ ఉందని తేలగానే ఏ డాక్టరైనా చెప్పే మాట, "రోజూ నడవండి." మంచి మాటే. మాత్ర రాసేటప్పుడు ఎంత, ఏ పూట, తిండికి ముందా తరవాతా అని చీటీ మీద ఉంటుంది. నడకకు మాత్రం అవేవీ ఉండవు. నా బాధల్లా అదే. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకూ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకూ నడక మోతాదు మించితే పార్కులోనే కళ్లు తిరుగుతాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం దాదాపు లేదు.

పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది. మనం వేసుకున్న ఇన్సులిన్ కూడా అదే సమయంలో తన పని తాను చేస్తుంటుంది. రెండూ కలిస్తే షుగర్ గబగబా దిగిపోతుంది. తొడకు సూది వేసుకుని వెంటనే నడిస్తే మందు ఇంకా త్వరగా ఎక్కుతుంది. అందుకే నడిచే పూట నేను పొట్టకే వేసుకుంటాను.

బూట్లు తొడుక్కునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, వేలి కొసను వదిలేసి పక్కన పొడుచుకుంటాను. అక్కడ నొప్పి తక్కువ. కడుక్కోవడం చాదస్తమేం కాదు. మామిడిపండు కోసిన చేత్తో చూస్తే ఆ తీపి కూడా రక్తపు చుక్కలో కలిసి, మీటర్ ఉన్నదానికంటే ఎంతో ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ పెంచితే ప్రాణం మీదికొస్తుంది. 90 కంటే తక్కువుంటే ఒక అరటిపండు తిని, కాసేపు ఆగి బయల్దేరతాను. టైప్-1 వాళ్లు 250 దాటితే కీటోన్లు కూడా చూసుకోవాలి. అవి ఉన్నాయంటే ఆ పూట వ్యాయామం వద్దు, షుగర్ ఇంకా పెరుగుతుంది.

జేబులో గ్లూకోజ్ పొడి పొట్లం ఉండాల్సిందే. 70 కంటే దిగితే 15 గ్రాములు, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. చాక్లెట్ పనికిరాదు. అందులోని కొవ్వు వల్ల తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది.

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్లంతా చెమటలో తడిసే ఉంటారు. షుగర్ డౌన్ అయినా చెమటే పడుతుంది. మరి తెలిసేదెలా? చేతులు వణకడం, ఒక్కసారిగా ఆకలి, పెదాల చుట్టూ తిమ్మిరి, కారణం లేని చిరాకు. బీపీకి బీటా బ్లాకర్లు వాడేవాళ్లకు వణుకూ గుండెదడా సరిగ్గా తెలియకపోవచ్చు. నాతో నడిచేవాళ్లకు చెప్పే ఉంచాను: "నా మాట తడబడితే నాతో వాదించకండి, గ్లూకోజ్ తాగించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి."

షటిల్ లాంటి జోరైన ఆటది ఇంకో తీరు. ఆడుతున్నంతసేపూ అడ్రినలిన్ పొంగి, కాలేయం గ్లూకోజును వదులుతుంది. ఆట అవగానే మీటర్ ఎక్కువ చూపిస్తే కంగారుపడి ఇన్సులిన్ వేసుకోకూడదు. ఖాళీ అయిన కండరాలు గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటి దాకా చక్కెరను పీల్చుకుంటూనే ఉంటాయి. సాయంత్రం గట్టిగా ఆడినవాళ్లకు అర్ధరాత్రి నిద్రలో లో అయ్యేది ఇందుకే. ఆడిన రోజు పడుకునే ముందు చూసుకోకుండా దీపం ఆర్పను.

వీటికి జడిసి ఇంట్లో కూర్చోమని నేననను. వసీం అక్రమ్‌కు 1997లో మధుమేహం బయటపడింది. ఇన్సులిన్ వేసుకుంటూనే బౌలింగ్ చేసి, 2003 ప్రపంచకప్‌లో వన్డేల్లో 500వ వికెట్ తీశాడు.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నడకకు ముందు, తరవాత, పడుకునే ముందు చూసిన అంకెలు ఒక వారానివి రాసి తీసుకెళ్లండి. నడిచే రోజుల్లో మాత్ర తగ్గించాలా, ఇన్సులిన్ యూనిట్లు తగ్గించాలా అని అడగండి.