అదృశ్యమే విచ్ఛిత్తి కాదు: నేలశుద్ధి పరిశోధనలపై ఒక విమర్శ

సూక్ష్మజీవుల ద్వారా ఎండోసల్ఫాన్ విచ్ఛిత్తిని పరిశీలించేటప్పుడు, ఫ్లాస్కులో మూల రసాయనం తగ్గడాన్నే విజయంగా లెక్కించే ధోరణి ఒకటి ఉంది. ఇది లోపభూయిష్ఠం. ఆక్సీకరణ మార్గంలో ఏర్పడే ఎండోసల్ఫాన్ సల్ఫేట్ కూడా మూల రసాయనమంత విషపూరితమే. పైగా నేలలో దానికంటే ఎక్కువకాలం నిలుస్తుంది. జలవిశ్లేషణలో ఏర్పడే డయోల్ విషతీవ్రత మాత్రం తక్కువ. కనుక మార్గాన్ని చెప్పని విచ్ఛిత్తి శాతం అసంపూర్ణం.

2011లో సుప్రీంకోర్టు విధించిన నిషేధం వాడకాన్ని ఆపగలదు గాని, నేలలో మిగిలిన అవశేషాన్ని తొలగించలేదు. వేల్పూర్ వంటి పసుపు ప్రాంతాలకు ఈ భేదం కీలకం. పసుపు దుంప ఎనిమిది, తొమ్మిది నెలలు మట్టిలోనే ఊరుతుంది. మట్టి రేణువులకు అంటుకున్న అవశేషం సూక్ష్మజీవులకు సులభంగా అందదు. ద్రవ మాధ్యమంలో ఈ అవరోధం ఉండదు.

అందుచేత ఉత్పన్నాల కొలత, సూక్ష్మజీవులు చేర్చని పోలిక మడి, పంటకాలమంతా పరిశీలన అనే మూడూ లేని ఫలితాన్ని నేలశుద్ధిగా పేర్కొనరాదు.